విద్యార్థి వేతనములు – పోటీ పరీక్షలు
(వార్షిక మహాసభలో విద్యా విభాగ సమావేశమున గావించిన ఉపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. నాలుగు మాటలతో ఊరకుండుట బడిపంతులకు అలవాటు లేని పని. 35 సంవత్సరములు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో సంస్కృతాంధ్రములు బోధించి, గంట కొట్టువఱకు మాటలాడుటయే మా వృత్తిధర్మమైనది. అయినను భోజనముల గంటకు ముందే ముగింతుమని వారికి మాట యిచ్చియున్నాము.

రేపటి సర్వసభ్య సమావేశమునకు ఒక తీర్మానము వచ్చుచున్నదని తమకందఱకును తెలియును. మన విద్యానిధిపై వచ్చు వడ్డీని ఇకమీదట ఇంజనీరింగు, వైద్య ప్రవేశపరీక్షలలో పొందిన ర్యాంకుల క్రమమును మాత్రమే చూచి పంచవలెననుట దాని సారాంశము. తీర్మానకర్తలు సద్బుద్ధితోనే దానిని ప్రతిపాదించిరి. సిఫారసులకు తావుండదు, బంధుప్రీతికి చోటుండదు, అంకె యెవరి మొగమును చూడదు అని వారి వాదము. ఆ వాదములో సగము మాకు సమ్మతము. తక్కిన సగమును గూర్చియే ఈ యుపన్యాసము.

పరీక్షించి పోషించుట మన దేశమునకు క్రొత్త కాదు. రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో ఉజ్జయినియందు కవులకును, పాటలీపుత్రమునందు శాస్త్రకారులకును పరీక్షలు జరిగినట్లు చెప్పియున్నాడు. పాణిని, పింగళుడు, పతంజలి మున్నగువారు పాటలీపుత్రమున పరీక్షింపబడి ప్రఖ్యాతి గాంచిరని ఆయన పేర్కొనెను. ఉత్తీర్ణులైనవారికి బ్రహ్మరథయానమును పట్టబంధమును రాజులు చేయవలెనని కూడ విధించెను. నలందా విహారమున ద్వారపండితులు వచ్చినవారిని ప్రశ్నించి, పదిమందిలో ఇద్దఱు ముగ్గుఱను మాత్రమే లోనికి పోనిచ్చెడివారని చీనా యాత్రికుడైన హ్యూయన్ త్సాంగు వ్రాసెను. కాని అదే యాత్రికుని చరిత్రమున మఱియొక మాట కలదు. నూఱు గ్రామముల ఆదాయము ఆ విహారమునకు చెందియుండెననియు, అందుచేత లోన చదువువారికి అన్నవస్త్రముల చింత లేకుండెననియు చెప్పబడినది. పరీక్షను మాత్రము జ్ఞాపకముంచుకొని, ఆ నూఱు గ్రామములను మఱచువారు మనలో పెక్కురు.

ఇక వర్తమానమునకు వత్తము.

స్వాతంత్ర్యానంతరము మన ప్రభుత్వము ప్రతిభను వెదకుటకై పెట్టిన పరీక్షలలో మిక్కిలి పేరు పొందినది జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు 1963లో దీనిని ఢిల్లీ నగరమున కేవలము 10 వేతనములతో ఆరంభించిరి. మఱుసటి సంవత్సరము దేశమంతటికిని విస్తరింపజేసి 350 చేసిరి. మొదట విజ్ఞానశాస్త్రమునకే పరిమితమైయున్న ఈ పథకము 1976 నుండి సాంఘికశాస్త్రములకును, ఇంజనీరింగు వైద్యములకును వర్తించినది. వేతనముల సంఖ్య క్రమముగా 1,000కిని, 2019లో 2,000కిని పెరిగినది. మొదట రాష్ట్రములో ఒక వడపోత, పిమ్మట దేశము మొత్తముమీద మఱియొక వడపోత. గెలిచిన బాలునకు ఇంటర్మీడియటు చదువునప్పుడు నెలకు 1,250 రూపాయలు, పట్టపరీక్షకు చదువునప్పుడు 2,000 రూపాయలు. ఆ డబ్బుకంటె ఆ పేరునకే గౌరవమెక్కువ. ఇంత ప్రసిద్ధి గల పథకమునకు 2021 మార్చితో గడువు తీరినది. తరువాత పథకము నిలిచిపోయినది. దానికొఱకు రెండు మూడేండ్లు సిద్ధపడిన పిల్లలు పుస్తకములను చేతబట్టుకొని నిలిచిపోయిరి. ఇంకను కొందఱు తల్లిదండ్రులు ఆ పరీక్ష యెప్పుడని మమ్మడుగుచునే యున్నారు.

ఈ ప్రతిభాన్వేషణమున నెగ్గినవారిలో పట్టణపు పిల్లలు, చదువుకొన్నవారి పిల్లలు అధికముగా నుండుటను మా సర్వీసులో చూచితిమి. అది వారి తప్పు కాదు. అయితే దానిని చూచి మన పేదపిల్లలకు ప్రతిభ లేదనుకొనుట మాత్రము తప్పు. ఏ పరీక్షయైనను బాలుని బుద్ధిని మాత్రమే కొలువదు. వాని యింటిలోని పుస్తకములను, తల్లి చదువును, సాయంకాలము వాని నెవరైన కూర్చుండబెట్టి లెక్క చెప్పిరా లేదా యనుటను కూడ కలిపి కొలుచును.

మేము ఈనాడు విశేషముగా చెప్పదలచినది వేఱొక పరీక్షను గూర్చి. దానిపేరు జాతీయ ఉపకారవేతన పరీక్ష, ఆంగ్లాక్షరములతో ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. అందురు. ప్రతిభయు పేదఱికమును రెండును కలిసినవారికే ఈ వేతనము. 2008లో కేంద్రప్రభుత్వము దీనిని స్థాపించెను. ఏటేట దేశమున ఒక లక్ష మందికి, 8వ తరగతిలో పరీక్షించి, 9వ తరగతినుండి ఇంటర్మీడియటు ముగియువఱకు నాలుగు సంవత్సరములు వేతనమిత్తురు. మొదట సంవత్సరమునకు 6,000 రూపాయలుండెను. 2017 ఏప్రిలునుండి 12,000 చేసిరి. నాలుగేండ్లకు 48,000 రూపాయలు. మన వేదికపై నున్న పెద్దలకు ఇది స్వల్పముగా దోచవచ్చును. పత్తి చేలలో కూలికి పోవు తల్లికి స్వల్పము కాదు. పదవ తరగతి దాటగానే ఆడపిల్లకు పెండ్లి చేయుదమా, చదివింతమా యని తూగుచున్న త్రాసులో ఈ నెలకు వేయిరూపాయలు చదువువైపున పడును. అట్లు పడుటను మేము కన్నులార చూచితిమి.

ఈ లక్షలో ఆంధ్రప్రదేశమునకు 4,087, తెలంగాణమునకు 2,921 వేతనములు కేటాయింపబడినవి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడు పాఠశాలలలో చదువువారే అర్హులు. ప్రైవేటు పాఠశాలలవారికిని, కేంద్రీయ, నవోదయ విద్యాలయములవారికిని, ప్రభుత్వమే భోజనవసతులిచ్చు గురుకుల పాఠశాలలవారికిని లేదు. కుటుంబాదాయము 3,50,000 రూపాయలకు మించరాదు. 7వ తరగతిలో నూటికి 55 మార్కులు వచ్చియుండవలెను. షెడ్యూల్డు కులముల, తెగలవారికి 50 చాలును. ఆంధ్రప్రదేశమున ఎంపిక జిల్లావారీగా జరుగును గనుక మారుమూల జిల్లా బాలుడు విశాఖపట్టణపు బాలునితో పోటీపడ నవసరము లేదు. తన జిల్లావారితోనే పోటీ. ఈ యొక్క నియమములో ఎంత న్యాయమున్నదో ఆలోచింపుడు.

పరీక్ష స్వరూపము చెప్పెదము, ఏలయన మన సభ్యులలో పలువురు దీనిని కనియైన వినియైన ఎఱుగరు. రెండు భాగములు. మొదటిది మానసిక సామర్థ్య పరీక్ష, 90 ప్రశ్నలు. రెండవది పాఠ్యవిషయ పరీక్ష, మఱి 90 ప్రశ్నలు. అందు విజ్ఞానశాస్త్రము 35, సాంఘికశాస్త్రము 35, గణితము 20. మొత్తము 180 ప్రశ్నలు, 180 నిమిషములు. తప్పు వ్రాసినందుకు మార్కులు కోయరు. కాబట్టి తెలియని ప్రశ్నను ఖాళీగా విడుచుట అవివేకము. ఈ చిన్న సంగతి తెలియక ముప్పది నలువది వృత్తములు దిద్దకుండ వదలివచ్చిన పిల్లలను మేము ప్రతిసంవత్సరమును చూచెడివారము. రెండు భాగములు కలిపి నూటికి 40, అనగా 72 మార్కులు వచ్చిననే యోగ్యత. షెడ్యూల్డు కులముల, తెగలవారికి నూటికి 32. యోగ్యత పొందినంత మాత్రమున వేతనము రాదు, జిల్లా జాబితాలో పేరుండవలెను.

మానసిక సామర్థ్యమనగానే మా బడులలో పిల్లలు బెదరెడివారు, ఉపాధ్యాయులును బెదరెడివారు. అది పాఠ్యపుస్తకములో లేదు గదా! ఒక వరుసలో అంకెలిచ్చి తరువాతి యంకె యేదనుట, ఒక పదమునకు సంకేతమిచ్చి మఱియొక పదమునకు సంకేతము చెప్పుమనుట, బొమ్మలలో దాగిన బొమ్మను కనిపెట్టుట ఇట్టివి. మేము సంస్కృతము చదివినవారము గావున మాకిది క్రొత్తగా దోపలేదు. అక్షరములకు అంకెలు నిర్ణయించి, శ్లోకములో సంఖ్యను దాచిపెట్టు కటపయాది పద్ధతి సంకేతవిద్య కాక మఱేమి? పింగళుని ఛందశ్శాస్త్రమున ఇన్ని అక్షరముల పాదములో గురులఘువులు ఎన్ని విధముల కూడునో ప్రస్తారము వేయుట, ఫలానా సంఖ్యగల భేదమేదో చెప్పు నష్టము, ఫలానా భేదము ఎన్నవదో చెప్పు ఉద్దిష్టము – ఇవి నేటి ప్రశ్నపత్రములలోని వరుసల లెక్కలకు పెద్దతాతలు. మన యష్టావధానులు సభలో చేసి చూపునదియు ఇదియే. 8వ తరగతి బాలునకు గురులఘువులతో ప్రస్తారము వేయించి, పిదప ఆ లెక్కలను చేయించినచో వాని భయము పదునైదు దినములలో పోవును. ఈ మాట ఛాందసమని నవ్వువారున్నారు. వారితో మాకు వాదము లేదు, మా పిల్లలకు మార్కులు వచ్చినవి.

ఒక్క విషయములో మాత్రము మా పిల్లలకు అన్యాయము జరిగెడిది. సంకేతముల ప్రశ్నలన్నియు ఆంగ్ల వర్ణమాలపై నడచును. ఏ అక్షరము ఎన్నవదియో తెలుగు మాధ్యమపు బాలుడు వ్రేళ్ళపై లెక్కించునంతలో నిమిషము గడచిపోవును. అందుచేత 26 అక్షరములకును అంకెలు వేసి, చతుర్దశభువనముల పేర్లవలె కంఠపాఠము చేయించెడివారము. వెనుకనుండి ముందుకు కూడ.

అభ్యాసముచేత ఈ సామర్థ్యము పెరుగునా యని కొందఱు విద్వాంసులు సందేహింతురు. జన్మతః వచ్చిన బుద్ధిని ఎవరు పెంచగలరని వారి ప్రశ్న. దీనికి అమెరికా దేశమునుండి ఒక దృష్టాంతము కలదు. అక్కడి కళాశాలల ప్రవేశమునకై 1926లో మొదలైన శాట్ అను పరీక్షకు ఆదిలో సహజ విద్యాభిరుచిని కొలుచు పరీక్ష అను నర్థము వచ్చు పేరుండెను. శిక్షణచేత మార్కులు మారవని దాని నిర్వాహకులు చిరకాలము చెప్పుచువచ్చిరి. 1990 దరిదాపున ఆ పేరులోని సహజాభిరుచి యను మాటను తొలగించి మూల్యాంకనమను మాట చేర్చిరి. ఆ తరువాత ఆ మాటయు పోయి, ఆ మూడక్షరములకు ఏ యర్థమును లేకుండ ఒట్టి యక్షరములే మిగిలినవి. మా వ్యాకరణ పరిభాషలో దానిని రూఢి యందురు. అవయవార్థము నశించి సంజ్ఞ మాత్రము నిలిచినది.

ఆ దేశముననే 1955లో స్థాపితమైన జాతీయ ప్రతిభా వేతన సంస్థయొకటి కలదు. 11వ తరగతి పిల్లలు అక్టోబరులో వ్రాయు ప్రాథమిక శాట్ పరీక్షయే దానికి ద్వారము. పఠన లేఖనముల సంఖ్యను రెట్టించి, గణితసంఖ్యను కలిపి, పదిచేత భాగించగా వచ్చునది ఎంపిక సంఖ్య; దాని పరమావధి 228. పదిలక్షలకు పైబడి వ్రాయగా, సుమారు 16,000 మంది ఉపాంత్య శ్రేణికి చేరుదురు. ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క హద్దు. వయోమింగులో చాలిన సంఖ్య న్యూజెర్సీలో చాలదు. న్యూజెర్సీలో మన తెలుగువారు విశేషముగా నివసించుచున్నారు గాన, అచ్చటి మన బంధువుల పిల్లలు ఈ హద్దును తిట్టుకొనుట కొందఱు వినియుందురు. అయితే అది మన జిల్లావారీ కేటాయింపు వంటిదే. కాకున్నచో వేతనములన్నియు రెండు మూడు ధనిక రాష్ట్రములకే పోవును. ఫ్లారిడా రాష్ట్రమువారు 1997నుండి తమ పిల్లలకు ఈ పరీక్షల సంఖ్యను, బడిమార్కులను, సేవచేసిన గంటలను కలిపిచూచి కళాశాల రుసుము చెల్లించుచున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 2021లో ప్రవేశములకుగాని వేతనములకుగాని ఆ సంఖ్యను చూడము పొమ్మనిరి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 2022లో మరల దానిని తప్పనిసరి చేసిరి. బడిలో పెద్ద తరగతుల పాఠములు లేని పేదపిల్లల ప్రతిభ ఆ పరీక్షవలననే తమకు తెలియుచున్నదని కారణము చెప్పిరి. ఇంత ధనమును ఇంత పాండిత్యమును గల దేశమున ఇంకను తేలని ప్రశ్నను మనము రేపటి సభలో చేతులెత్తి తేల్చివేయ నున్నాము!

పరీక్ష గెలిచిన తరువాతి కథ మఱింత చెప్పవలసియున్నది. ఇక్కడనే మన సంఘము చేయగల పని యున్నది.

జిల్లా జాబితాలో పేరు వచ్చిన బాలుడు, 9వ తరగతిలో చేరిన సంవత్సరము, జాతీయ ఉపకారవేతనముల పోర్టలునందు తన పేరు నమోదు చేసికొనవలెను. దానిని పాఠశాలవారు ధ్రువీకరించవలెను. పిమ్మట జిల్లావారు ధ్రువీకరించవలెను. ఆధారు పత్రములోని పేరును, బడి రికార్డులోని పేరును, బ్యాంకు ఖాతాలోని పేరును అక్షరము పొల్లుపోకుండ సరిపోవలెను. మన తెలుగువారి పేర్లతో ఇదియొక పద్మవ్యూహము. బడిలో ఇంటిపేరు ముందుండును. ఆధారులో వెనుకకు పోవును, లేదా పొట్టి యక్షరమగును, లేదా అసలే యుండదు. తండ్రి పేరు బాలుని పేరులో కలిసిపోవును. ఒకచోట ‘లక్ష్మి’లో ఆంగ్లమున ఒక అక్షరము, వేఱొకచోట రెండు.

మే మెఱిగిన యొక బాలిక, పల్లెటూరి దర్జీ కుమార్తె, జిల్లా జాబితాలో మంచి స్థానమున నిలిచినది. ఊరంతయు సంతోషించినది. ఆధారులో ఆమె యింటిపేరు లేదు. దిద్దించుటకు ఒక కార్యాలయమునకు పోగా, జన్మపత్రము తెమ్మనిరి. జన్మపత్రమున అసలు పేరే లేదు, శిశువు అని మాత్రముండెను. దానిని సరిచేయించి తెచ్చునప్పటికి బడిలో ధ్రువీకరించు గుమాస్తా సెలవులో నుండెను. ఆతడు వచ్చునప్పటికి పోర్టలు మూసివేసిరి. మొదటి సంవత్సరమున క్రొత్త దరఖాస్తు లేనిదే తరువాతి సంవత్సరములలో పునరుద్ధరణమునకు దారి లేదు గాన, ఆ బాలిక పోగొట్టుకొన్నది ఒక్క యేటి 12,000 కాదు, మొత్తము 48,000. ఎవరును లంచమడుగలేదు, ఎవరును దుర్మార్గులు కారు, అయినను పోయినది. ఆ నాలుగేండ్లును మిరపకోతల కాలమున ఆమె వారమునకు రెండు దినములు బడి మానెను. ఇప్పుడు పట్టపరీక్షకు చదువుచున్నది, అది వేఱు సంగతి.

ఇట్లు పరీక్షలో నెగ్గి కాగితములలో ఓడినవారు మా ఒక్క మండలముననే ఏటేట ఇద్దఱో ముగ్గుఱో యుండెడివారు. ర్యాంకు క్రమమునే నమ్ము మన మిత్రులు ఆలోచింపవలసిన దిదియే. అంకె యెవరి మొగమును చూడదు, నిజమే. ఆ యంకె చేతికి డబ్బుగా వచ్చుటకు నడుమ నాలుగు గుమ్మములున్నవి. చదువుకొన్న తండ్రిగల బాలుడు ఆ గుమ్మములను దాటును.

మఱియొక గుమ్మమున్నది, దానిని మనమే కట్టితిమి. ఈ వేతనము ప్రభుత్వ, ఎయిడెడు విద్యాలయములలో చదివినంతకాలమే వచ్చును. పదవ తరగతిలో నూటికి 60 మార్కులు (షెడ్యూల్డు కులముల, తెగలవారైనచో 55) తెచ్చుకొని ఇంటర్మీడియటుకు పోవునప్పుడు, ఇరుగుపొరుగువారు ‘ఇంత తెలివిగల పిల్లవానిని ప్రభుత్వ కళాశాలలో చేర్తురా?’ యని తల్లిదండ్రులను తప్పుపట్టుదురు. ఆ మాటకు వెఱచి అప్పుచేసి ప్రైవేటు కళాశాలలో చేర్చుదురు. చేర్చినంతనే వేతనము నిలిచిపోవును. రెండేండ్ల 24,000 రూపాయలు పోవుటయేకాక, రుసుములకు తెచ్చిన అప్పు మీదబడును. ప్రైవేటు కళాశాలలు చెడ్డవని మేమనము. మన పోషకులలో వానిని నడుపువారున్నారు, వారి యుప్పును ఈ పూటయే తినబోవుచున్నాము. కాని చేర్చుటకు ముందు లెక్క వేసికొను హక్కు ఆ తల్లిదండ్రులకు కలదు. ఆ లెక్క వారికి చెప్పువారే లేరు.

ఇంటర్మీడియటు ముగిసిన పిదప కళాశాలా విద్యకును వేతనములు కలవు. కేంద్రప్రభుత్వము ఏటేట 82,000 మందికి, సగము బాలికలకు సగము బాలురకు, పట్టపరీక్ష చదువునప్పుడు సంవత్సరమునకు 12,000, పై చదువునప్పుడు 20,000 రూపాయలు ఇచ్చుచున్నది. కుటుంబాదాయము 4,50,000 రూపాయలకు మించరాదు. ఇంటర్మీడియటు పరీక్షయే దీనికి ప్రమాణము. వేఱు పరీక్ష లేదు. తన బోర్డు విద్యార్థులలో 80వ పర్సెంటైలునకు పైన నుండవలెనని నియమము. ఈ పర్సెంటైలును శాతముగా భ్రమించి మన పిల్లలు మోసపోవుచున్నారు. శాతము తన మార్కులను నూటితో పోల్చును. పర్సెంటైలు తన్ను ఇతరులతో పోల్చును. నూర్గురు వ్రాసినచో ఎనుబదిమంది ఎవనికి వెనుకనుందురో వాడు ఆ స్థానమువాడు. దీనిని శతస్థానమందుమా యని మాకు తోచినది, కాని క్రొత్త పేరు పెట్టినంత మాత్రమున భ్రమ తొలగదు గనుక వాడుకలోని మాటనే యుంచితిమి. తొంబదియెనిమిది శాతము రానివారికి ఇట్టివి రావని తలంచి దరఖాస్తే పెట్టనివారు పలువురు. స్థానమున్నంతమాత్రమున వేతనము నిశ్చయము కాదు, రాష్ట్రపు వాటాలో ఇముడవలెను. దరఖాస్తు పెట్టనిచో రాకపోవుట మాత్రము నిశ్చయము.

శుద్ధ విజ్ఞానశాస్త్రములు చదువువారికి 2008లో మొదలైన ఇన్‌స్పైర్ అను పథకమున ఏటేట 12,000 మందికి, సంవత్సరమునకు 80,000 రూపాయల మొత్తము కలదు. అందు 20,000 వేసవిలో ఒక పరిశోధకునియొద్ద పనిచేయుటకు. తన బోర్డులో మొదటి ఒక శాతములో నుండవలెను. ఇంజనీరింగునకును వైద్యమునకును ఇది వర్తింపదు. భౌతికశాస్త్రమున ఆసక్తిగల బాలుని ‘బి.ఎస్‌సి. చదివి యేమి చేయుదువు?’ అని ఎగతాళిచేయు మేనమామలు ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక తీర్మానమును గూర్చి మా యభిప్రాయము. ప్రతిభను నిర్లక్ష్యము చేయుడని మేము చెప్పుటలేదు. ప్రవేశపరీక్షలో మొదటి వేయిమందిలో నిలిచిన బాలునకు పూలమాల వేయుడు, పతకమిండు, సంచికలో చిత్రము ముద్రింపుడు. కాని వానికి మన వడ్డీతో పనిలేదు. రుసుము తగ్గించి చేర్చుకొనుటకు కళాశాలలు వాని యింటి ముంగిట నిలుచును. ఈ ఉదయము వేదికపై పతకములందుకొన్న 22 మందిలో జిల్లా పరిషత్తు బడులలో చదివినవారెందఱని ప్రక్కనున్న మిత్రుని నడిగితిమి. ఇద్దఱని చెప్పిరి. మన జనాభాలో ఆ బడులలో చదువు పిల్లలు అంత తక్కువ మంది కారు.

కాబట్టి వడ్డీలో సగమును 8వ తరగతి పిల్లలపై ముందుగా వ్యయపఱుపుడని మా మనవి. మండలమునకొక చోట, పరీక్ష జరుగు డిసెంబరునకు ముందు నాలుగు నెలలపాటు, ఆదివారమునాడు తరగతులు. విశ్రాంత ఉపాధ్యాయులు మనలో కొఱతగా లేరు. ఇంటియందు మనుమలకు అడ్డుగా నుండుటకంటె అది మేలు. పాత ప్రశ్నపత్రముల ప్రతులు, పరీక్షరుసుము 100 రూపాయలు, బస్సుఖర్చు, మధ్యాహ్నము ఒక పొట్లము అన్నము. దీనికి పెద్ద ధనము పట్టదు. మన వసతిగృహమున ఒక గదిలో కంప్యూటరుతో ఒక యువకుని జీతమిచ్చి కూర్చుండబెట్టినచో, దరఖాస్తులు, పేర్ల సవరణలు, ఏటేటి పునరుద్ధరణలు ఆతడు చూచుకొనును. ఒక బాలిక వేతనము నిలిచిన యెడల ఆతని జీతములో అర్ధము దక్కినట్లే.

ఈ ఆదివారపు తరగతులు మన కులపు పిల్లలకే యుండవలెనా యని కార్యవర్గమున ఒకరు అడిగిరి. నిధిసొమ్ముతో ఇచ్చు వేతనములకు మన నిబంధనావళి యున్నది, దానిని మేము కాదనము. కాని తరగతి వేఱు. బడిలో ఆఱు దినములు ఒక్క బల్లపై కూర్చున్న పిల్లలను ఏడవనాడు తలుపువద్ద నిలిపి నీవెవరని అడుగుట మాకు చేతకాదు. అట్టి తరగతియైనచో బోధించుటకు వేఱొకరిని చూచుకొనవలసియుండును. పోటీ జిల్లాలో గదా, ఇతరులు నెగ్గినచో మనవారికి తగ్గవా యని వారి సందేహము. తోడివాడు లేని తరగతిలో ఏ బాలుడును చదువడని 35 సంవత్సరములు చూచినవారము చెప్పుచున్నాము.

తీర్మానమునకు మా సవరణను వ్రాతమూలకముగా కార్యదర్శిగారి కిచ్చియున్నాము. బలపఱచువారి సంతకములు ఇప్పటికి మూడే యున్నవి. నిబంధన ప్రకారము అయిదు కావలెను. 8వ తరగతిగాని 9వ తరగతిగాని చదువు పిల్లలుగల తల్లిదండ్రులు భోజనానంతరము మండపమునకు ఎడమవైపు గదికి వచ్చినచో, ఆధారు పత్రమును బడి రికార్డు నకలును ప్రక్కప్రక్కన పెట్టి పేర్లు సరిచూచెదము. నకలు తేనివారు ఫోనులో చూపినను చాలును. కండ్లజోడు తెచ్చుకొన్నాము.